పాత స్ప్లెండర్ వెనుక చక్రం ఊగుతోంది, బ్రేకు పట్టడం లేదు: పని ఎక్కడ మొదలుపెట్టాలి?

దిండి_గట్టు:

అందరికీ నమస్కారం. దేవరకొండ దగ్గరి మా ఊరి నుంచి రాస్తున్నాను. గత నెల నల్లగొండలో ఒక పాత బండ్ల దుకాణంలో 2009 నాటి హీరో హోండా స్ప్లెండర్ ప్లస్‌ను 17,500 రూపాయలకు కొన్నాను. ఏపీ 24 నంబరు. పదిహేనేళ్లు నిండిన తరువాత చేయించవలసిన రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా పాత యజమానే చేయించాడు కాబట్టి కాగితాలతో ఇబ్బంది లేదు. ఇంజిను కూడా పొద్దున్నే రెండో కిక్కుకు అందుకుంటోంది. ఇబ్బంది అంతా వెనుక చక్రంతోనే.

కొనే రోజు బ్రేకు వదులుగా ఉందని చెబితే, దుకాణంలోని కుర్రవాడు నా కళ్ల ముందే బ్రేకు రాడ్డు చివర ఉన్న నట్టును నాలుగు చుట్లు బిగించాడు, బ్రేకు బాగానే పట్టింది. రెండు వారాలు తిరగకముందే పెడల్ మళ్లీ కిందికి పోవడం మొదలైంది. ఇప్పుడు ఆ నట్టు మరలో ఇంకా బిగించడానికి చోటు లేదు. బండిని పెద్ద స్టాండు వేసి టైరును పైన పట్టుకుని పక్కలకు ఊపితే లోపల ‘టక్కు’మని చేతికి తెలుస్తోంది. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ ఇచ్చినప్పుడల్లా వెనుక ఒక దెబ్బ లాంటి శబ్దం వస్తోంది. ఊరి నుంచి దేవరకొండ వెళ్లి ఆగగానే చక్రం నడిమి హబ్బు మీద చేయి పెడితే చురుక్కుమంటోంది.

వారానికి రెండుసార్లు మా నాన్నను వెనుక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అందుకే దీనిని అరకొరగా వదిలేయడం నాకు ఇష్టం లేదు. పానాలు పట్టుకోవడం కొంత వచ్చు, పొలం మోటారు నేనే విప్పుకుంటాను. ఏది ముందు చూడాలో తెలిసినవారు చెప్పగలరు.

కొత్త_చేయి:

అన్నా, బ్రేకు షూలు (హబ్బులోని డ్రమ్ముకు లోపలి నుంచి రుద్దుకుని చక్రాన్ని ఆపేవి) అరిగిపోయి ఉంటాయి. ఒక జత కొని వేయించండి, సరిపోతుంది. నా బండికి అలాగే చేయించాను.

మిర్యాలగూడ_షెడ్డు:

తమ్ముడూ, షూలు ఇప్పుడే కొనవద్దు. మీరు చెప్పినవి నాలుగు లక్షణాలు, షూలతో సంబంధం ఉన్నది అందులో ఒకటే. నేను ఇరవై ఏళ్లకు పైగా షెడ్డులో ఈ బండ్లనే విప్పుతున్నాను కాబట్టి, తక్కువ ధరకు అమ్మే బండిలో వెనుక బ్రేకును ఎలా ‘సరిచేసి’ చూపిస్తారో బాగా తెలుసు.

హబ్బును ఒక పక్కన మూసి ఉంచే బ్రేకు ప్లేటు మీద, రాడ్డు తగిలించి ఉండే లివర్ దగ్గర, బాణం గుర్తు గల చిన్న రేకు ఒకటి ఉంటుంది. బ్రేకు పూర్తిగా నొక్కి పట్టినప్పుడు ఆ బాణం ప్లేటు మీద పోతపోసిన గీత దాకా వచ్చిందంటే షూలు మార్చవలసిన సమయం వచ్చినట్టు. ముందు ఆ రేకు ఉన్నదో లేదో చూడండి. తరువాత లివర్ మీద, అది కూర్చున్న క్యామ్ కడ్డీ (తిరిగినప్పుడు షూలను డ్రమ్ము మీదికి నెట్టేది) కొన మీద చెరొక చిన్న చుక్క కొట్టి ఉంటుంది. ఆ రెండు చుక్కలూ ఎదురెదురుగా ఉండాలి. షూలు అరిగిపోయి మర అయిపోయినప్పుడు కొందరు లివర్‌ను ఊడదీసి ఒకటి రెండు పళ్లు వెనక్కి జరిపి మళ్లీ తగిలిస్తారు. వెంటనే మరలో చోటు వస్తుంది, పెడల్ గట్టిబడుతుంది, కొనేవాడు సంతోషిస్తాడు. కానీ లోపల క్యామ్ తిరగవలసిన దానికంటే ఎక్కువ తిరుగుతుంది. షూలు పలుచబడ్డ కొద్దీ ఆ క్యామ్ ఏదో ఒక రోజు అడ్డంగా నిలబడిపోయి, పెడల్ వదిలినా షూలు వెనక్కి రాని స్థితి వస్తుంది. నడుస్తున్న బండిలో చక్రం పట్టేస్తే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

ఇంకొక మాట, ఇది ఈ రోజే చూడాలి. బ్రేకు ప్లేటు చక్రంతో పాటు తిరగకుండా దానిని, వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌కు కట్టి ఉంచే ఇనుప పట్టీ ఒకటి ఉంటుంది. దాని బోల్టుకు నట్టు, నట్టు ఊడిపోకుండా స్ప్లిట్ పిన్ను ఉండాలి. ఆ బోల్టు జారిపోతే బ్రేకు వేసిన క్షణంలో ప్లేటు గిర్రున తిరిగి రాడ్డును మెలిపెట్టి చక్రాన్ని బిగించేస్తుంది. ఆ పిన్ను చూసేదాకా నాన్నగారిని వెనుక ఎక్కించుకోవద్దు.

చక్రం ఊగడం గురించి: టైరును ఊపినప్పుడు మీ రెండో చేయి స్వింగ్ ఆర్మ్ మీద ఉంచండి. ఆర్మ్ కూడా కదిలితే దాని బుష్షులు పోయినట్టు, ఆర్మ్ కదలకుండా చక్రం ఒక్కటే కదిలితే బేరింగులు పోయినట్టు. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు వచ్చే దెబ్బ డ్రమ్ రబ్బర్లది (హబ్బుకూ పళ్ల చక్రానికీ మధ్య కుదుపును తీసుకునేవి) కావచ్చు.

దిండి_గట్టు:

అన్నా, మీరు రాసింది చదివి వెంటనే బండి దగ్గరికి వెళ్లాను. బాణం రేకు అసలు లేనే లేదు. చుక్కలు చూశాను, రెండు పళ్ల తేడా ఉంది. పట్టీ బోల్టుకు స్ప్లిట్ పిన్ను లేదు. దాని రంధ్రంలో నుంచి ఒక సన్నని బైండింగ్ తీగను దూర్చి రెండు మెలికలు తిప్పి వదిలారు, ఆ తీగ తుప్పు పట్టి వేలితో తాకితే విరిగిపోయింది. నట్టును పానా లేకుండా చేత్తోనే తిప్పగలిగాను. నెల రోజులుగా దీని మీదనే నాన్నను తిప్పాను. రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే బండిని పక్కన పెట్టి చక్రం విప్పాను. ఇరుసు లాగి కుడివైపు కాలర్ తీసేస్తే, చైనూ పెద్ద పళ్ల చక్రమూ బండికే ఉండిపోయి చక్రం విడిగా బయటికి వచ్చింది. చైను విప్పవలసి వస్తుందని భయపడ్డాను, ఆ అవసరమే రాలేదు.

లోపల కనబడినవి చెబుతాను. షూల లైనర్ (డ్రమ్ముకు రుద్దుకుని అరిగే భాగం) ఒకవైపు మిల్లీమీటరున్నర కూడా లేదు, రెండోదాని మీద దాదాపు మూడు ఉంది. తక్కువ ఉన్న షూ ఉపరితలం అద్దంలా మెరుస్తోంది. డ్రమ్ము లోపలి అంచున గోరు ఆగేంత గట్టు ఏర్పడింది. డ్రమ్ రబ్బర్లు నాలుగింటిలో రెండు పొడిపొడిగా రాలాయి. వాటి సందులో ఎవరో సైకిల్ ట్యూబు ముక్కలు మడిచి కుక్కారు. స్వింగ్ ఆర్మ్‌లో కదలిక లేదు. హబ్బులోని బేరింగులో వేలు పెట్టి తిప్పితే ఇసుక నమిలినట్టు గరగరమంటోంది.

ఒక షూ ఎక్కువగా, ఇంకొకటి తక్కువగా ఎందుకు అరిగింది? అమర్చడంలో తప్పా?

పాలమూరు_బడిపంతులు:

అది తప్పు కాదండీ, ఈ రకం డ్రమ్ము బ్రేకు స్వభావమే అది. ఒకే క్యామ్‌తో పనిచేసే రెండు షూలలో ఒకదానిని తిరిగే డ్రమ్ము తనలోకి లాక్కుంటుంది, రెండోదానిని వెనక్కి నెడుతుంది. లాక్కోబడే షూ మీద ఒత్తిడి ఎక్కువ కనుక అది ముందుగా అరుగుతుంది. అందుకే పలుచనిదానిని ఒక్కదాన్నే మార్చకూడదు, జతగానే మార్చాలి.

ఇంకొకటి గుర్తుంచుకోండి. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాకా ఉన్న కొత్త బండ్లకు రెండు చక్రాల బ్రేకు కలిసి పడే ఏర్పాటు గాని, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు) గాని తప్పనిసరి అయింది. కొత్త బండ్లలో పెడల్ తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడేది అందువల్లనే. మీ 2009 బండిలో పెడల్ వెనుక చక్రాన్ని మాత్రమే పట్టుకుంటుంది. ఇన్నాళ్లూ పనిచేయని వెనుక బ్రేకుకు అలవాటుపడి పెడల్‌ను బలంగా తొక్కడం మీ కాలికి అలవాటై ఉంటుంది. సరిచేయించిన తరువాత అదే బలంతో తొక్కితే వాన రోడ్డు మీద వెనుక చక్రం జారుతుంది. మొదటి కొన్ని రోజులు ఖాళీ రోడ్డులో అలవాటు చేసుకోండి.

పాలబండి_జడ్చర్ల:

నేను రోజూ నలభై లీటర్ల క్యాన్లు రెండు కట్టుకుని తిరుగుతాను. షూ అద్దంలా మెరిస్తే ఉప్పు కాగితంతో రుద్ది, డ్రమ్మును పెట్రోలుతో తుడిచి వేసుకుంటాను. మూడేళ్లుగా ఇలాగే నడుస్తోంది. ప్రతిదానికీ కొత్తది కొనవలసిన పని లేదని నా అభిప్రాయం.

మిర్యాలగూడ_షెడ్డు:

అన్నా, లైనర్ మందంగా ఉండి పైపొర మాత్రమే మెరుగెక్కితే రుద్దుకోవడం సరైన పనే, నేనూ చేస్తాను. కానీ లైనర్ రెండు మిల్లీమీటర్లకు తగ్గితే దానిని రుద్దడమంటే మిగిలిన కాస్తనూ తీసేయడమే. గ్రీజు గాని నూనె గాని లైనర్‌లోకి ఇంకితే పెట్రోలుతో కడిగినా బయటికి రాదు, పైకి ఆరినట్టు కనిపించి వేడెక్కగానే మళ్లీ ఊరుతుంది. అలాంటప్పుడు మార్చడమే మార్గం. పైగా రెండు క్యాన్ల పాలంటే ఎనభై కిలోలు దాటిన బరువు, అదంతా వెనుక చక్రం మీదనే పడుతుంది. మీ బ్రేకు మీద పడే భారం మామూలు బండికంటే ఎక్కువ. దయచేసి ఒకసారి విప్పి మందం కొలవండి.

మరొక ముఖ్యమైన విషయం. డ్రమ్ము లోపలి పొడిని నోటితో గాని గాలి పైపుతో గాని ఊదవద్దు. పాత లైనర్లలో రాతినార (ఆస్బెస్టాస్) ఉండేది, ఆ ధూళి ఊపిరితిత్తులకు చాలా హాని. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారేయండి. ఈ మాట మా షెడ్డులో కుర్రవాళ్లకు రోజూ చెబుతాను.

దిండి_గట్టు తమ్ముడూ, బేరింగు పక్కన అంకె చదవండి. 6301 అని ఉంటే లోపలి రంధ్రం 12, బయటి వ్యాసం 37, మందం 12 మిల్లీమీటర్లు. చివరి రెండు అంకెలే లోపలి కొలత చెబుతాయి: 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17. తీసినదాని మీద ఏ అంకె ఉందో అదే అంకె అడిగి, రెండు వైపులా రబ్బరు మూత ఉన్నది తీసుకోండి. మన కాలువ కింది పొలాల బురదకు రేకు మూత బేరింగు ఎక్కువ కాలం నిలవదు.

కొత్త బేరింగును హబ్బులోకి దించేటప్పుడు బయటి రింగు మీదనే దెబ్బ పడాలి. అంతే వెడల్పు గల పాత సాకెట్టునో, పాత బేరింగునో అడ్డుపెట్టి నెమ్మదిగా చుట్టూ సమంగా కొట్టండి. లోపలి రింగు మీద కొడితే గోళీలు తమ దారిలో గుంటలు వేస్తాయి, కొత్త బేరింగు ఆ రోజే పాతదవుతుంది.

లేతు_పని:

డ్రమ్ము సంగతి నేను చెబుతాను. ఈ బండి డ్రమ్ము కొత్తగా ఉన్నప్పుడు 110 మిల్లీమీటర్లు. గరిష్ఠంగా 111 దాకా వాడవచ్చు, ఆ అంకె సాధారణంగా హబ్బు మీదనే పోతపోసి ఉంటుంది. వెర్నియర్‌తో (సన్నని కొలతల పరికరంతో) అంచున ఉన్న గట్టును వదిలి, షూ రుద్దుకునే చోట మూడు దిక్కుల కొలవండి. మూడు కొలతలూ ఒకటే వస్తే డ్రమ్ము గుండ్రంగా ఉన్నట్టు. తేడా వస్తే కోడిగుడ్డు ఆకారంలోకి వెళ్లినట్టు, పెడల్ కాలి కింద అదురుతుంది.

ఆ గట్టు తీయడానికి డ్రమ్మును లేతుకు (తిప్పుతూ లోహాన్ని కోసే యంత్రానికి) ఎక్కించేముందు ఒక మాట చాలామందికి తెలియదు. డ్రమ్మును బేరింగుల కేంద్రం ఆధారంగా కోయాలి. బేరింగులు ఊగుతుండగా కోయిస్తే ఆ ఊపు అంతా డ్రమ్ములోకి దిగుతుంది, తరువాత కొత్త బేరింగులు వేసినా డ్రమ్ము వంకరగానే తిరుగుతుంది. కాబట్టి బేరింగులు ముందు, లేతు తరువాత. టైరూ ట్యూబూ తీసేసి, పుల్లలతో రిమ్ముతో సహా ఎక్కించాలి కనుక చిన్న లేతు పనికిరాదు. పద్దెనిమిది అంగుళాల రిమ్ము తిరిగేంత పెద్ద లేతు ఉన్న చోటికి వెళ్లండి.

దిండి_గట్టు:

మూడు చోట్లా 110.5 వచ్చింది. 6301 బేరింగులు రెండు తెచ్చి మీరు చెప్పినట్టే బయటి రింగు మీద కొట్టి దించాను. చేతితో తిప్పితే రెండూ వెన్నలా తిరిగాయి. దేవరకొండలో లేతు దుకాణానికి తీసుకువెళ్లాను. వారు ఇరుసు లాంటి కడ్డీని దూర్చి రెండువైపులా నట్లు బిగించగానే చక్రం బిగుసుకుపోయింది. నట్టు వదులు చేస్తే తిరుగుతుంది, బిగిస్తే ఆగుతుంది. వారు పని చేయకుండా తిప్పి పంపారు. నేను ఎక్కడ పొరపాటు చేశాను?

మిర్యాలగూడ_షెడ్డు:

రెండు బేరింగుల మధ్య గొట్టం లాంటి కాలర్ పెట్టారా?

దిండి_గట్టు:

లేదన్నా. నేను విప్పినప్పుడు లోపల అలాంటిది ఏదీ లేదు. పాత బేరింగులు కొట్టగానే బయటికి వచ్చాయి, మధ్య అంతా ఖాళీ.

మిర్యాలగూడ_షెడ్డు:

అయితే మీ బండి రోగం మూలం అక్కడే దొరికింది. ఇంతకుముందు ఎవరో బేరింగులు మార్చి ఆ కాలర్‌ను మరచిపోయారు, లేదా పారేశారు. ఇరుసు నట్టు బిగించినప్పుడు ఆ ఒత్తిడి ఒక లోపలి రింగు నుంచి కాలర్ మీదుగా రెండో లోపలి రింగుకు చేరాలి. కాలర్ లేకపోతే రెండు లోపలి రింగులూ ఒకదాని వైపు ఒకటి నెట్టబడి, గోళీలు పక్క ఒత్తిడితో నలిగిపోతాయి. గరగర, చక్రం ఊగడం, హబ్బు వేడెక్కడంలో కొంత భాగం కూడా దీనివల్లనే. చక్రం ఊగడం వల్ల డ్రమ్ము షూల మీద సమంగా ఆనలేదు, అందుకే లైనర్ అంత త్వరగా పోయింది.

ఒక బేరింగును తీయక తప్పదు. తీయడానికి లోపలి రింగు మీదనే కొట్టవలసి వస్తుంది కాబట్టి అది చెడినట్టే లెక్క, మళ్లీ వాడవద్దు. స్పేర్ల దుకాణంలో ‘వెనుక హబ్బు కాలర్’ అని ఇదే బండికి అడగండి. పొడవు తేడా ఉన్న వేరే బండి కాలర్ ఇస్తే తీసుకోకండి, అర మిల్లీమీటరు పొట్టిదైనా మళ్లీ ఇదే కథ. ముందు ఒక బేరింగు చివరి దాకా దించండి, కాలర్ వేయండి, తరువాత రెండో బేరింగు కాలర్‌కు ఆనేదాకా దించండి. గ్రీజు కొద్దిగా చాలు. హబ్బు నింపితే అది కరిగి డ్రమ్ములోకే వస్తుంది.

నల్లమల_దారి:

నేను మన్ననూరు నుంచి శ్రీశైలం వైపు తరచుగా వెళ్తుంటాను. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు వేసి ఉంచడం వల్ల డ్రమ్ము కాగిపోయి, అవసరమైనప్పుడు పట్టు తగ్గిన అనుభవం నాకుంది. రెండో గేరులోకి వచ్చి ఇంజిను పట్టుతో దిగాలి, బ్రేకును ఆపి ఆపి వాడాలి. అలాగే వాగు దాటిన తరువాత డ్రమ్ములో నీరు చేరి మొదటి రెండు మూడు బ్రేకులు పడవు. నెమ్మదిగా వెళ్తూ పెడల్‌ను తేలికగా నొక్కి ఉంచితే ఆ వేడికి ఆరిపోతుంది. దిండి అలుగు పారే రోజుల్లో మీకు ఇది పనికి వస్తుంది.

దిండి_గట్టు:

పని పూర్తయింది. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, కాలర్ కోసమే నల్లగొండ దాకా రెండుసార్లు తిరిగాను.

కాలర్ వేసి రెండో బేరింగు దించిన తరువాత నట్టు ఎంత బిగించినా చక్రం హాయిగా తిరిగింది. లేతులో గట్టు తీసి గీతలు పోయేంత మాత్రమే కోయించాను. ఇప్పుడు 110.8 ఉంది. ఇంకోసారి కోయడానికి చోటు లేదని లేతు ఆయన చెప్పారు, అంటే వచ్చేసారి హబ్బే మార్చాలి. కొత్త షూలు, స్ప్రింగులు, డ్రమ్ రబ్బర్లు నాలుగు, బాణం రేకు, స్ప్లిట్ పిన్ను, కాలర్, మూడు బేరింగులు, లేతు కూలి అన్నీ కలిపి 1,900 రూపాయలు దాటలేదు.

క్యామ్ కడ్డీని ఊడదీసి తుప్పు తుడిచి, దాని మీదా, ఎదురుగా షూలు ఆనే పిన్ను మీదా మాత్రమే పలుచగా గ్రీజు రాశాను. లివర్ చుక్కలు ఎదురెదురుగా వచ్చాయి. బ్రేకు నొక్కినప్పుడు రాడ్డుకూ లివర్‌కూ మధ్య కోణం తొంభై డిగ్రీలు దాటడం లేదు.

ఒక చోట నాకు సందేహం వచ్చింది. బ్రేకును ముందు సరిచేసి, తరువాత చైను లూజు తీశాను. చైను బిగించగానే చక్రం వెనక్కి జరిగి బ్రేకు పట్టేసింది.

మిర్యాలగూడ_షెడ్డు:

వరుస తలకిందులైంది, అంతే. ముందు చైను. గొలుసు కవర్ మీది రబ్బరు మూత తీసి, నడిమి భాగంలో రెండు మూడు సెంటీమీటర్ల ఆట ఉండేలా పెట్టి, స్వింగ్ ఆర్మ్ మీది గీతలు రెండువైపులా ఒకే గుర్తు దగ్గర ఉన్నాయో లేదో చూడండి. తరువాత ఇరుసు నట్టు పూర్తిగా బిగించే ముందు ఎవరినైనా పెడల్ గట్టిగా నొక్కి పట్టమనండి. అప్పుడు షూలు డ్రమ్ములో సరిగ్గా నడిమికి వచ్చి కూర్చుంటాయి, ఆ స్థితిలోనే నట్టు బిగించాలి. పట్టీ బోల్టు, స్ప్లిట్ పిన్ను ఆ తరువాత. చివరికి పెడల్ కొన దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల ఆట వదిలి బ్రేకు నట్టు సర్దండి. దానితో పాటు వెనుక ఎర్రదీపం స్విచ్చు కూడా చూడండి, పెడల్ ఎత్తు మారితే దీపం ఆలస్యంగా వెలుగుతుంది.

దిండి_గట్టు:

అలాగే చేశాను. పెడల్ మీద మా తమ్ముడు నిలబడి నొక్కి పట్టగా నేను నట్టు బిగించాను. మొదటి వంద కిలోమీటర్లు నేను ఒక్కడినే తిరిగాను, బ్రేకు రోజురోజుకూ మెరుగవుతూ వచ్చింది. మధ్యలో ఒకసారి ఆట పెరిగితే నట్టును ఒక చుట్టు మాత్రమే బిగించాను. నిన్న దేవరకొండలో ఆగి హబ్బు మీద అరచేయి ఆనించాను, గోరువెచ్చగా ఉంది. ఈ రోజు పొద్దున పిన్ను రెండు కాళ్లూ వంచి ఉన్నాయో లేదో చూసుకుని నాన్నను ఎక్కించుకుని నల్లగొండ వెళ్లి వచ్చాను.

పాలబండి_జడ్చర్ల:

షెడ్డు అన్నా, మీరు చెప్పాక నిన్న సాయంత్రం విప్పి కొలిచాను. నాది ఒకటిన్నర ఉంది. పొద్దుటి పాలు వేసి రాగానే కొత్త జత తెచ్చాను. నా బండికీ బాణం రేకు లేదు. అది విడిగా దొరుకుతుందా, లేక లివర్‌తో కలిపి కొనాలా?

మిర్యాలగూడ_షెడ్డు:

విడిగానే దొరుకుతుంది అన్నా. వేసేటప్పుడు దాని లోపలి వెడల్పు పన్ను క్యామ్ మీది వెడల్పు గాడిలోనే కూర్చోవాలి, లేకపోతే బాణం తప్పు చూపిస్తుంది. దాని కింద చమురు పట్టించిన ఫెల్టు చక్రం ఒకటి ఉంటుంది, అది కూడా తెచ్చుకోండి.